గుణదల బస్సు ఎక్కేముందు

జనవరి మూడో వారం నుంచే మన ఊళ్లలో గుణదల మాటలు మొదలవుతాయి. బస్సు మాట్లాడదామా, డీసీఎం వ్యానా? మనిషికి ఎంత పడుతుంది? తొమ్మిదో తారీఖు పోదామా, పదకొండునా? టీషర్టు ఏ రంగు, వెనకాల ఏమి రాయించాలి? సాయంత్రం గుడి అరుగు మీద కూర్చుని మన పిల్లలు ఇవే తర్జనభర్జనలు పడుతుంటారు. ఆ ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. పదిహేనేళ్ల వయసులో తిరునాళ్లకు పోతూ కుర్రవాడు సంబరపడకపోతే ఆందోళన పడాల్సింది మనమే. కాని ఆ ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఎప్పుడూ వినపడదు: "ఫాదర్, మాకు పాపసంకీర్తనం ఎప్పుడు?"

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదమూడు మొదలు పద్దెనిమిదేళ్ల దాకా ఉన్న మన పిల్లలు గుణదలకు బయలుదేరక ముందే, మన గుడిలోనే, తీరిగ్గా పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం స్వీకరించి బస్సెక్కాలి. "అక్కడికి పోయాక చూసుకుందాంలే" అనే అలవాటు మానాలి. అంతకు ముందు తొమ్మిది సాయంత్రాలు కలిసి ప్రార్థించాలి. ఇది భక్తి ఎక్కువైనవాళ్ల కోసం కాదు. ఎప్పుడూ వెనక బెంచీలో ఫోన్ చూసుకునే పిల్లాడికే ఇది ఎక్కువ అవసరం.

గుణదల కొండ దగ్గర పాపసంకీర్తనం వినే గురువులు ఉండరని కాదు. ఉంటారు, ఓపికగా వింటారు. పదేళ్లుగా గుడి ముఖం చూడని మనిషి ఆ జనంలో, తన ముఖం తెలియని గురువు దగ్గర మోకరిల్లి కన్నీళ్లతో లేవడం ఆ కొండ దగ్గర జరుగుతుంది. దేవునికి స్తోత్రం. కాని లక్షల జనం వచ్చే ఆ మూడు రోజుల్లో మన పిల్లల పరిస్థితి ఆలోచించండి. రాత్రంతా బస్సులో నిద్ర లేదు. పొద్దున్నే తోపులాట. ఒకడు తప్పిపోతాడు, వాడి కోసం మైకులో పిలిపిస్తారు. ఆ మధ్యలో వరసలో నిలబడ్డ పిల్లాడు లోపలికి వెళ్లి, "అబద్ధాలు ఆడాను, అమ్మ మాట వినలేదు" అని నాలుగేళ్ల కిందట సత్యోపదేశం క్లాసులో నేర్చుకున్న రెండు వాక్యాలే అప్పజెప్పి లేచి వస్తాడు. ఆ సంస్కారం నిజమే, ఆ క్షమాపణ నిజమే. కాని వాడి గుండెలో నలుగుతున్నది వాడి గుండెలోనే ఉండిపోయింది.

ఆ నలుగుతున్నదేమిటో పెద్దలకు తెలియదనుకోను. చూడకూడనివి ఫోన్‌లో చూడటం. స్నేహితురాలి ఫొటో వాట్సప్‌లో నలుగురికీ పంపడం. నాన్న జేబులోంచి రెండొందలు. పరీక్షలో చీటీలు. తాగి వచ్చిన తండ్రిని "చస్తే బాగుండు" అనుకోవడం. ఇది నేను ఏ పాపసంకీర్తనంలోనో విన్నది రాస్తున్నానని అనుకోవద్దు. ఏ ఊళ్లోనైనా, ఏ పదిహేనేళ్ల పిల్లల మధ్యనైనా పది నిమిషాలు కూర్చుంటే తెలిసేదే. ఇవి చెప్పాలంటే మాటలు కావాలి. ఆ మాటలు దొరకడానికి సమయం కావాలి. అందుకే ఆత్మశోధన ముందు రోజు సాయంత్రమే చేయించాలి. గుడిలో దీపాలు తగ్గించి, ఒక్కో ప్రశ్న మెల్లగా చదివి, మధ్యలో మౌనంగా ఉండనివ్వాలి. పది ఆజ్ఞలను వరసగా అప్పజెప్పించడం ఆత్మశోధన కాదు. ఈ వారం నువ్వెవరిని ఏడిపించావు, ఎవరికి క్షమాపణ బాకీ ఉన్నావు అని అడగాలి.

కులం మాట కూడా అడగాలి. ఇది రాయకుండా దాటేస్తే బాగుంటుందని కొందరంటారు. మన విచారణలో రెండు పేటల వాళ్లూ ఒకే బల్ల దగ్గర దివ్యసత్ప్రసాదం తీసుకుంటారు. బస్సెక్కగానే ఈ పేట వాళ్లు ముందు, ఆ పేట వాళ్లు వెనక. టిఫిన్ క్యారేజీలు తెరిచినప్పుడు ఎవరి పులిహోర ఎవరి దాకా వెళ్లి ఆగిపోతుందో పిల్లలు గమనిస్తారు. పెద్దలు మాట్లాడని ఈ విషయాన్ని పిల్లలు మోస్తున్నారు. కానుకతో బలిపీఠం దగ్గరికి వచ్చినవాడు తన సహోదరునితో గొడవ గుర్తుకొస్తే ముందు వెళ్లి సమాధానపడి రావాలని ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. గుణదల కొండ ఎక్కేవాళ్లకూ అదే వర్తిస్తుంది. ఈసారి బస్సులో సీట్లు చీటీలు వేసి ఇస్తాం. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చీటీ చెబుతుంది. ఇష్టంలేని పెద్దలు నాతో మాట్లాడవచ్చు. సీట్లు మాత్రం మారవు.

పాపసంకీర్తనం అంటే మన పిల్లలు వెనకాడటానికి ఇంకో కారణం ఉంది. విచారణ గురువు రోజూ వాళ్ల ఇంటికి వచ్చేవాడు. వాళ్ల నాయనమ్మకు అవస్థ వచ్చినప్పుడు అభ్యంగనం ఇచ్చినవాడు. రేపు అమ్మతో మాట్లాడుతూ నోరు జారితే? ఈ భయాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు, జవాబు చెప్పాలి. పాపసంకీర్తన రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలివేతకు గురవుతాడు. ఆ వెలివేతను తొలగించే అధికారం రోములోని పోపుగారి పీఠానికే ఉంది. తల్లి అడిగినా, పోలీసు అడిగినా, కోర్టు అడిగినా చెప్పడానికి వీల్లేదు. ఇది పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. చెప్పినా కొందరికి జంకు పోదు, అది సహజం. అందుకే పక్క విచారణల నుంచి ఇద్దరు గురువులను రమ్మన్నాను. ఎవరి దగ్గరికి వెళ్లాలో పిల్లల ఇష్టం. పాపసంకీర్తనాలు గుడి లోపలే, తలుపులు తెరిచి, అందరికీ కనబడేచోట, ఎవరికీ వినబడనంత దూరంలో జరుగుతాయి. ఉపదేశిగారైనా, సిస్టర్లైనా ఆ దరిదాపుల్లో కూర్చోరు.

ఇక పెద్దల సంగతి. పిల్లలను వరసలో నిలబెట్టి తాము వేపచెట్టు కింద కూర్చుని ధాన్యం ధర మాట్లాడుకునే నాన్నలను చూస్తున్నాను. పిల్లలు కూడా చూస్తున్నారు. మంచిచెడ్డలు తెలిసిన వయసు వచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా తన ఘోర పాపాలను సంకీర్తనం చేయాలన్నది శ్రీసభ చట్టం. అందులో ఇంటి యజమానులకు మినహాయింపు రాసిలేదు.

మనం ఎవరి దగ్గరకు వెళ్తున్నామో ఒకసారి తలుచుకుందాం. గుణదలలో 1924లో ఇటలీ దేశపు గురువు ఫాదర్ అర్లాటి గారు మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. అక్కడి ఉత్సవం ఫిబ్రవరి 11న జరిగే లూర్దుమాత పండుగ. 1858లో అదే రోజున ఫ్రాన్సు దేశంలోని లూర్దు పట్టణంలో మరియమాత బెర్నదెత్తమ్మకు మొదటిసారి కనిపించింది. ఆమెకు అప్పుడు 14 ఏళ్లు. మన తొమ్మిదో తరగతి పిల్ల వయసు. తండ్రికి ఉన్న మర చేజారిపోయింది. ఒకప్పుడు జైలుగా వాడి వదిలేసిన ఒక్క గదిలో ఆ కుటుంబం తలదాచుకుంది. ఆ పిల్లకు ఉబ్బసం. చదవడం రాదు. ఆ రోజు ఆమె బయలుదేరింది కట్టెపుల్లలు ఏరుకోవడానికి.

ఇదంతా మనకు ప్రసంగాల్లో విని తెలిసిందే. మనం సాధారణంగా వదిలేసే ముక్క ఒకటుంది. అంతకు ముందు ఆ పిల్ల పక్క ఊరు బార్త్రెస్‌లో ఒకరింట పని చేస్తూ గొర్రెలు కాస్తూ ఉండేది. అక్కడ సత్యోపదేశం సరిగ్గా నేర్చుకోవడం కుదరలేదు. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి తయారు కావాలనే 1858 జనవరిలో తల్లిదండ్రుల దగ్గరకు తిరిగి వచ్చింది. వచ్చిన కొన్ని వారాలకే మస్సబియేల్ గుహ దగ్గర దర్శనం. మొత్తం 18 దర్శనాలు, చివరిది జూలై 16న. ఆ మధ్యలోనే, జూన్ 3న, ఆమె ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకుంది. అంటే మరియమాత వచ్చింది సంస్కారానికి సిద్ధపడుతున్న ఒక పేదపిల్ల దగ్గరకు. దర్శనం వచ్చింది కదా, ఇక సత్యోపదేశం ఎందుకని ఆ పిల్ల మానలేదు, పెద్దలూ మాన్పించలేదు. ప్రథమ దివ్యసత్ప్రసాదమా, దర్శనాలా, ఏది ఎక్కువ సంతోషం అని తర్వాత ఎవరో అడిగితే రెండూ కలిసి ఉండేవేనని, పోల్చి చెప్పలేనని ఆమె జవాబిచ్చిందట. పుణ్యక్షేత్రం వేరు, సంస్కారం వేరు అన్నట్టు మన పిల్లలకు అలవాటు చేస్తున్న మనకు ఆ జవాబు వినబడాలి.

ఇంకొక చిన్న సంగతి నాకు ఎంతో ఇష్టం. ఆ అమ్మ ఆ పిల్లను "మీరు" అని పిలిచి, దయచేసి పదిహేను రోజులు ఇక్కడికి రాగలరా అని ఆ ఊరి భాషలోనే మర్యాదగా అడిగింది. చిరిగిన బట్టల పిల్లను మీరు అని ఎవరంటారు? మన ఊళ్లలో పద్నాలుగేళ్ల ఆడపిల్లను పెద్దవాళ్లు ఎలా పిలుస్తారో మనకు తెలుసు. ఉపదేశులకు, యువత నాయకులకు నా మనవి: ఈ తొమ్మిది రోజులైనా "ఒరేయ్", "ఏయ్" లేకుండా పిల్లలను పేరు పెట్టి పిలవండి.

అదే అమ్మ మూడో దర్శనంలో బెర్నదెత్తమ్మకు ఈ లోకంలో సుఖం ఇస్తానని మాట ఇవ్వలేదు, పరలోకపు సంతోషమే ఇస్తానంది. ఇది మన పిల్లలకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే గుణదల ఉత్సవం సరిగ్గా పరీక్షల ముందు వస్తుంది. ఇంటర్ పిల్లలకు ప్రాక్టికల్స్, పదో తరగతి వాళ్లకు రివిజన్ టెస్టులు. చొక్కా జేబులో హాల్ టికెట్ జిరాక్సు పెట్టుకుని కొండెక్కే పిల్లలు ఉంటారు. తల్లులు మొక్కుకుంటారు: వీడికి మంచి ర్యాంకు వస్తే వచ్చే ఏడు తలనీలాలు ఇస్తామని. ఆ తల్లి ప్రేమను నేను ఎగతాళి చేయను. కొబ్బరికాయ కొట్టేవాళ్లను, తలనీలాలు ఇచ్చేవాళ్లను తక్కువగా చూసే ప్రసంగాలు నాకు నచ్చవు. హిందూ సోదరులు కూడా అదే నమ్మకంతో ఆ కొండకు వస్తారు, వాళ్లను చూసి మనం నేర్చుకోవాల్సింది ఉంది.

కాని పిల్లాడికి ఆ మొక్కు ఒక బేరంలా అర్థమైతే ఏం జరుగుతుందో ఆలోచించండి. ఏప్రిల్‌లో ఫలితాలు వస్తాయి. తప్పాడు. అంటే అమ్మ వాడి కొబ్బరికాయ పుచ్చుకోలేదు. దేవుడు కూడా తనను ఫెయిల్ చేశాడు. ఇంట్లో తిట్లు, బయట అవమానం, పైన కూడా తలుపు మూసేశారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మన పత్రికల్లో ఎలాంటి వార్తలు వస్తాయో మీకు తెలుసు. అలాంటి వార్త మన విచారణ నుంచి రాకూడదు. ఏ ప్రార్థనా దానికి హామీపత్రం కాదని నాకు తెలుసు. కాని ఫిబ్రవరిలోనే ఒక పిల్లాడు తన చీకటి సంగతి ఇంకో మనిషి ముందు నోరు విప్పి చెప్పి, తిట్టు కాకుండా క్షమాపణ విన్నాడనుకోండి. అలా చెప్పుకోవడం కుదురుతుందని వాడి ఒంటికి తెలిసి ఉంటుంది. ఏప్రిల్‌లో కష్టం వచ్చినప్పుడు వాడికి తలుపు తట్టడం తెలుస్తుంది. అర్ధరాత్రయినా నా తలుపు తట్టమని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. తల్లిదండ్రులారా, మీరు కూడా పిల్లలకు ఆ మాట ఫలితాల ముందు రోజు కాదు, ఇప్పుడే చెప్పండి: పాసైనా తప్పినా నువ్వు మా బిడ్డవేనని.

మార్కులు అడగొద్దని నేననడం లేదు. అడగనివ్వండి. పిల్లలు తల్లిని ఏదైనా అడుగుతారు. అడగడంతో పాటు వినడం కూడా నేర్పాలి, అంతే.

"టైము లేదు ఫాదర్, పరీక్షలు" అంటారు. లెక్క వేద్దాం. రోజుకు అరగంట, తొమ్మిది రోజులు. నాలుగున్నర గంటలు. బస్సులో పోయి రావడానికి, అక్కడ తిరగడానికి అంతకు ఎన్నో రెట్లు ఇస్తున్నాం. అసలు సమస్య హాస్టల్ పిల్లలది. ఆదివారం కూడా స్టడీ అవర్ పెట్టి పూజకు పంపని జూనియర్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి పిల్లలు నెలల తరబడి దివ్యబలిపూజ లేకుండా ఉంటున్నారు. లక్షలు ఫీజు కట్టే తల్లిదండ్రులు వెళ్లి, ఆదివారం రెండు గంటలు మా పిల్లను గుడికి పంపండి అని గట్టిగా అడిగిన సందర్భాలు చాలా తక్కువ. అడగండి. పదిమంది కలిసి అడగండి. కుదరకపోతే ఔటింగ్ రోజు నాకు ఫోన్ చేయండి, దగ్గరలోని గురువుతో మాట్లాడి పాపసంకీర్తనం ఏర్పాటు చేయిస్తాను.

తొమ్మిది సాయంత్రాల్లో ఏం చేస్తామంటే, పెద్ద ప్రసంగాలు ఉండవు. మొదటి రోజు సిలువ గుర్తు వేసుకోవడం నేర్చుకుంటాం. నవ్వకండి. ఈగను తోలుకున్నట్టు వేసుకుంటున్నాం మనమంతా. మొదటి దర్శనంలో బెర్నదెత్తమ్మ భయంతో జపమాల తీసింది కాని చెయ్యి నుదుటి దాకా లేవలేదు. ఆ అమ్మ సిలువ గుర్తు వేసుకున్నాకే ఈ పిల్లకూ చెయ్యి లేచింది. ఆ తర్వాత ఆమె సిలువ గుర్తు వేసుకునే తీరు చూసే జనం ముగ్ధులయ్యేవారట. తర్వాతి రోజుల్లో రోజుకు ఒక్క దేవరహస్యమే, మెల్లగా జపమాల. అయిదు రహస్యాలు గబగబా ముగించడం కంటే ఒకటి నిదానంగా చెప్పడం ఈ వయసుకు మంచిది. ఫిబ్రవరి 2న బాలయేసు సమర్పణ పండుగ వస్తుంది, ఆ రోజు పూజలో కొవ్వొత్తులు ఆశీర్వదిస్తాం. ప్రతి పిల్లా ఆ కొవ్వొత్తిని ఇంటికి తీసుకెళ్లి, కుటుంబ ప్రార్థనలో కాసేపు వెలిగించి, మిగిలింది గుణదలకు తెచ్చుకోవాలి. అక్కడ కొనే కొత్త కొవ్వొత్తి కంటే తాతయ్య, నాయనమ్మ దగ్గర కాలి సగమైన కొవ్వొత్తి నాకు ముద్దు.

బస్సులో దివ్యసత్ప్రసాదం ముందు ఒక గంట ఉపవాసం గుర్తుంచుకోండి. మంచినీళ్లు, మందులు తీసుకోవచ్చు. మిర్చి బజ్జీ మంచినీళ్ల కింద రాదు.

తిరిగొచ్చాక సంగతి చాలామంది మరచిపోతారు. సంతోష దేవరహస్యాల్లో అయిదోది చూడండి. యేసుప్రభువు 12 ఏళ్ల వయసులో తల్లిదండ్రులతో యెరూషలేము యాత్రకు వెళ్లాడు. పెద్దలతో దేవుని సంగతులు మాట్లాడాడు. ఆ తర్వాత ఏం చేశాడని లూకా రాశాడు? నజరేతుకు తిరిగి వెళ్లి తల్లిదండ్రులకు విధేయుడై ఉన్నాడని. బడి లేని రోజు అమ్మకు నీళ్లు పట్టడం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, ఎవరి ఫొటో పంపామో వాళ్లకు వెళ్లి క్షమాపణ చెప్పడం, వాళ్ల ముందే దాన్ని తీసేయడం. గురువు ఇచ్చిన ప్రాయశ్చిత్తం కొండ మీదే అయిపోదు, కొంత ఇంటికి వస్తుంది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లకు విభూది బుధవారం, పెద్ద శుక్రవారం మాంసం మానాలన్న నియమం ఉంది. గుణదల తిరునాళ్లయిన కొద్ది రోజులకో వారాలకో తపస్కాలం వచ్చేస్తుంది. కొండెక్కిన అలసట తీరకముందే మొదలుపెట్టడం మేలు.

పునీత కార్లో అకుతిస్ ఫొటో ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో కూడా కనిపిస్తోంది. జీన్స్ ప్యాంటు, బూట్లు వేసుకున్న పునీతుడు. 15 ఏళ్లకే, 2006లో, లుకేమియాతో చనిపోయాడు. 2025 సెప్టెంబరు 7న ఆయనను పునీతునిగా ప్రకటించారు. కంప్యూటర్ బాగా తెలిసినవాడని మన పిల్లలు ఇష్టపడతారు. ఆ కుర్రవాడు రోజూ పూజకు వెళ్లేవాడని, వారం వారం పాపసంకీర్తనం చేసేవాడని కూడా వాళ్లకు చెప్పాలి. అదే ఏడాది ఆగస్టు 1న, రోములో యువజన జూబిలీ జరుగుతుండగా, సర్కో మస్సిమో అనే పాతకాలపు రథాల మైదానంలో రోజంతా యువత పాపసంకీర్తనాలకే కేటాయించారు. రోము దాకా పోయినవాళ్లు ఒక రోజంతా దానికి ఇవ్వగలిగినప్పుడు మన పేటలో ఒక సాయంత్రం ఇవ్వలేమా?

ఈ ఏడు ఇలా అనుకుంటున్నాం. జనవరి 31 సాయంత్రం ఆరున్నరకు నవదిన ప్రార్థన మొదలు. ఫిబ్రవరి 6న ఆత్మశోధన. 7న మధ్యాహ్నం మూడు నుంచి పాపసంకీర్తనాలు, ముందు పెద్దలు, తర్వాత పిల్లలు. 8న చివరి నవదినం, యాత్రికుల కోసం దివ్యబలిపూజ. 9 తెల్లవారుజామున బస్సు. ఆడపిల్లల వెంట సిస్టరుగారు, ఇద్దరు తల్లులు వస్తారు. బస్సు డబ్బులు ఇవ్వలేని ఇళ్లవాళ్లు ఎవరికీ చెప్పనక్కర్లేదు, నా చెవిన వేస్తే చాలు. ప్రథమ దివ్యసత్ప్రసాదం ఇంకా తీసుకోని పెద్దపిల్లలు సిగ్గుపడకుండా రండి, మీ కోసం ఉపదేశిగారు అరగంట ముందే వస్తారు.

టీషర్టు రంగు యువతే తేల్చుకుంటారు. నేను అడ్డురాను.